మన అంటే ఎంతమంది?

"దేవుడు ఒక్కడా, ముగ్గురా అను విషయమై మన సంఘము రాబోవు ఆదివారము ఆరాధన అనంతరము తుది నిర్ణయము తీసుకొనును. నిర్ణయము వెలువడిన పిమ్మట చికెన్ బిర్యానీ వడ్డించబడును!"

మల్కాపురంలో మా గుడి నోటీసు బోర్డు మీద వెలసిన ప్రకటన ఇది. పదిహేడు వందల ఏళ్లుగా మహామహులు సభలు పెట్టుకుని, ఒకరినొకరు వెలివేసుకుని, గడ్డాలు నెరిసిపోయినా తెగని తగువు. మా దగ్గర మాత్రం బిర్యానీ చల్లారేలోపు తేలిపోవాలి!

ప్రకటన కింద కార్యదర్శి ఆనందకుమార్ సంతకం. దాని కింద, "అధ్యక్షత: జీవరత్నం మేష్టారు, తెలుగు పండితులు" అని ఉంది. ఆ జీవరత్నాన్ని నేనే.

అది చదివి నేను చేసిన మొదటి పని, జేబులోంచి పెన్ను తీసి 'వడ్డించబడును' కొట్టేసి 'వడ్డిస్తారు' అని దిద్దడం. రెండో పని, ఒప్పుకోవడం. నన్నెందుకు ఎన్నుకున్నారని మీరు అడగవచ్చు. నాకు వేదాంతం తెలియదు కాబట్టి. తెలిసిన వాళ్లందరూ అప్పటికే ఏదో ఒక పక్షంలో చేరిపోయారు.

ఈ తగువుకి మూలం ఆకాశంలో లేదు. నా వరండాలో పడుకుని ఉంది. అది ఒక నల్లరాయి. నా భార్య దీవెనమ్మ సమాధి రాయి.

దీవెనమ్మ క్రిందటి వర్షాకాలంలో పోయింది. గుండె. ఆ రోజు నేను ఎంతో నిబ్బరంగా ఉన్నానని అందరూ మెచ్చుకున్నారు. అసలు సంగతి వేరు. సంఘం వారు కట్టిన ఫ్లెక్సీ మీద 'అశృనివాళి' అని ఉంది. నేను ఏడవవలసిన సమయమంతా ఆ 'శృ' వైపే చూస్తూ గడిపాను. తరువాత ఫోన్లో సంతాపాలు వచ్చాయి. 'అశృనివాళి' అని పంపిన ప్రతివారికీ 'అశ్రునివాళి' అని జవాబిచ్చాను. వాళ్లు దాన్ని నా కృతజ్ఞతగా స్వీకరించారు.

సమాధి మీద తాత్కాలికంగా ఒక కర్ర శిలువ పాతి, రంగుతో పేరు రాయించాం. వానలకి రంగు పెచ్చులూడింది. ముందుగా 'దీ'కి ఉన్న దీర్ఘం పోయింది. 'దివెనమ్మ' మిగిలింది. తెలుగు మేష్టారి భార్యకి సమాధి మీద అచ్చుతప్పు! మళ్లీ వానలొస్తే మిగతా అక్షరాలు కూడా పోతాయి. ఆ తరువాత అక్కడ ఉన్నది ఎవరో చెప్పడానికి నేనొక్కణ్ణే ఉంటాను. ఈలోగా, సంవత్సరం నాటి జ్ఞాపకార్థ ప్రార్థనకైనా, రాయి నిలబెట్టాలి. నాకున్న కోరిక అదొక్కటే.

రాయి చెక్కినవాడు వరహాలు. పేరు, సంవత్సరాలు, వాటి కింద నేను ఇచ్చిన వాక్యం ఒకటి: 'మన ఇంటికి ముందుగా వెళ్లింది.' ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారమూ గుడి గేటు దగ్గర నేను ఆగిపోయేవాణ్ణి. ప్రసంగంలో దొర్లిన తప్పులు పాస్టరుగారికి చెప్పడం నా బాధ్యత అనుకునేవాణ్ణి. దీవెనమ్మ కొంగు నడుముకి దోపుకుని, "మీరు వ్యాకరణం సెప్పేసి నెమ్మదిగా రండి. నాను మనింటికి ముందెల్తాను" అనేది. వరహాలుకి వాక్యం ఇచ్చేటప్పుడు నాకు కష్టపడవలసిన అవసరం లేకపోయింది.

చిక్కు ఆ వాక్యం దగ్గర రాలేదు. దాని కింద వచ్చింది. మా సంఘం నియమావళి ప్రకారం ప్రతి రాయి మీదా చివరన 'తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున' అని ఉండాలి. దీవెనమ్మ తమ్ముడు యోహాన్ దానికి అడ్డం తిరిగాడు. అతను స్టీలు ప్లాంటులో క్రేను నడుపుతాడు. గోపాలపట్నంలో 'దేవుడు ఒక్కడే, ఆయనే యేసు' అని బోధించే ఒక కూడికలో కొత్తగా చేరాడు. ఈ సత్యం అతనికి కార్యదర్శి ఎన్నికల్లో ఆనందకుమార్ చేతిలో ఓడిపోయిన వారంలోనే బోధపడింది. చెప్పుకోవాలంటే ఆనందకుమార్‌కి కూడా, ఆ ముగ్గురూ కలిసి ఒకే దేవుడనే త్రిత్వం మీద అంత పట్టుదల కలిగింది ఆ వారంలోనే.

"మా అక్క రాయి మీద ముగ్గురి పేర్లు రాయిత్తే నాను ఊరుకోను బావా. యేసు నామమున అని రాయించు. అంతే!" అన్నాడు యోహాన్.

"అలా రాయిస్తే రాయి శ్మశానం గేటు దాటదు మేష్టారూ. రూల్ ఈజ్ రూల్" అన్నాడు ఆనందకుమార్.

ఆ విధంగా రాయి నా వరండాలో ఉండిపోయింది. పక్కింటి సన్యాసమ్మ దాని మీద చల్ల మిరపకాయలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఎండకి రాయి పెనంలా కాలుతుంది. మిరపకాయలకి అంతకంటే ఏం కావాలి? పరాయి దేవుడి తగువులో కూడా పనికొచ్చే వస్తువు ఒకటి ఉంటుందని గ్రహించిన మనిషి ఆవిడ.

"తిన్నారా బాబూ?" అని గోడ మీంచి అడిగేది.

"తిన్నాం" అనేవాణ్ణి.

మేష్టార్లు ఇలాగే మాట్లాడతారు కాబోలు అనుకుని వెళ్లిపోయేది.

ఆదివారం వచ్చింది. గుడి నిండిపోయింది. ఉక్క. వెనక గదిలోంచి బిర్యానీ వాసన ముందు వరుసల దాకా వచ్చి కూర్చుంది. షరతు అందరికీ తెలిసిందే: ఏ పక్షం గెలిస్తే ఆ పక్షం మాట రాయి మీదికి ఎక్కుతుంది. వరహాలు ఉలి, సుత్తి సంచిలో వేసుకుని బయట వేపచెట్టు నీడలో కూర్చున్నాడు, లోపల దేవుడు తేలగానే చెక్కెయ్యడానికి.

ముందు ఆనందకుమార్ లేచాడు. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఆయనకి సృష్టి అంతా ఒక ఆఫీసులా కనబడుతుంది.

"అధ్యక్షా! ఒక ఆఫీసులో చైర్మన్ ఉంటాడు, డిప్యూటీ ఉంటాడు, సెక్రటరీ ఉంటాడు. ముగ్గురి సంతకాలూ వేరు. స్టాంపు ఒక్కటే! త్రిత్వం అంటే అదే. ఇందులో అర్థం కాకపోడానికి ఏముంది?"

"డిప్యూటీ సెలవెట్టినాడనుకో. ఆ రోజుకి దేవుడు తక్కువైపోతాడేటి?" అన్నాడు యోహాన్.

"ఇంచార్జిని వేస్తారయ్యా!"

పరిశుద్ధాత్మకి ఇంచార్జి ఎవరని ఎవరూ అడగలేదు. అధ్యక్షుడిగా నేను అడగవలసింది. కానీ ఆయన 'ఇంచార్జిని' అన్నప్పుడు ద్వితీయా విభక్తి సరిగ్గా పడిందన్న సంతోషంలో ఉండిపోయాను.

యోహాన్ మైకు అందుకున్నాడు. "సూడండి. నాను ఇంటికాడ నాన్నని. ప్లాంటులో క్రేను ఆపరేటర్ని. అత్తోరింట్లో అల్లుణ్ణి. ముగ్గుర్నా? ఒక్కణ్ణే! పేర్లు మూడయ్యేసరికి మీరు మనుసులు ముగ్గురనేసుకుంతన్నారు."

ఆడవాళ్ల వైపు నుంచి అతని భార్య గ్రేసీ లేచింది. "మూడు సోట్లా ఒక్క పని సెయ్యవు. ఆ మాటైతే నిజిమే!"

గుడి కప్పు ఎగిరిపోయేలా నవ్వులు.

"అది కాదు," అంది గ్రేసీ. "యేసుప్రభువు కొండెక్కి 'తండ్రీ' అని ప్రార్థన సేసినాడు కదా. ఇద్దరూ ఒక్కడే అయితే, తనకి తనే ఫోన్ సేసుకున్నట్టా?"

"నువ్వు ఏ పక్షమే?" అన్నాడు యోహాన్ నిర్ఘాంతపోయి.

"బిర్యానీ పక్షం! బేగి తేల్సండి, అడుగంటేస్తాది."

ఈలోగా పాటల బృందంలోని ఒక పెద్దాయనకి ఉపమానం తట్టింది. "పైకి చూడండి! ఫ్యాను తిరుగుతోంది. ఒక్కటే చక్రం! ఆపితే? మూడు రెక్కలు! దేవుడూ అంతే!" అని ఉత్సాహంగా వెళ్లి స్విచ్చి కట్టేశాడు. ఫ్యాను ఆగింది. మూడు రెక్కలు అందరికీ కనబడ్డాయి. "ఇప్పుడు మళ్లీ ఒక్కటి చూడండి!" అని స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరగలేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ మధ్యాహ్నం మిగతా చర్చ అంతా త్రిత్వం కింద చెమటలు కక్కుతూ జరిగింది. మైకు కూడా పోవడంతో వాదనల్లో కొంత నాణ్యత పెరిగింది.

చివరికి ఆనందకుమార్ తన బ్రహ్మాస్త్రం తీశాడు. అది నేనే.

"మేష్టారూ! సృష్టి రోజున దేవుడు మనిషిని 'నా పోలికలో చేస్తాను' అన్నాడా, 'మన పోలికలో చేద్దాం' అన్నాడా?"

"మన పోలికలో చేద్దాం అన్నాడు."

"అది! మన అంటే ఎంతమంది? మీరే తేల్చండి."

"బావా, అది పెద్దోల మాట!" అని అరిచాడు యోహాన్. "పెద్ద ఆఫీసరు ఒక్కడే సంతకం పెట్టినా 'మేము ఆజ్ఞాపిస్తన్నాం' అని రాయడా? గౌరవం కోసం!"

నేను లేచి నిలబడ్డాను. ఇలాంటి ప్రశ్న కోసం నేను ఉద్యోగమంతా ఎదురుచూశాను. బడిలో పిల్లలు నన్ను ఇంటర్వెల్ ఎప్పుడని తప్ప ఇంకేమీ అడగలేదు.

"యోహాన్ చెప్పిన ఉదాహరణ 'మేము'కి పనికొస్తుంది," అన్నాను, గొంతు సవరించుకుని. "'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అనడానికి ఒక్కడు చాలు, కాస్త గర్వం ఉంటే. 'మనం' అనడానికి మాత్రం వినేవారు ఉండి తీరాలి. వినేవారిని కలుపుకుంటేనే అది 'మనం'. ఎదుట వినేవారు లేకుండా 'మన' అన్నవాడు వ్యాకరణం తెలియనివాడైనా కావాలి, మతి తప్పినవాడైనా కావాలి! దేవుడు ఈ రెండూ కాడు. కాబట్టి ఆ రోజు వినేవారు ఉన్నారు."

చప్పట్లు! ఆనందకుమార్ నా ప్రతి మాటనీ మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు. బైబిలు మొదట రాసిన భాషలో 'మేము'కీ 'మన'కీ ఈ తేడా ఉందో లేదో నాకు తెలియదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. పండితులుగా ఎదగడానికి ఇది దగ్గర దారి.

నాకు శాలువా కప్పారు. ఆ ఉక్కలో ఊలు శాలువా! ఘనత ఎప్పుడూ కొంచెం చెమటతోనే వస్తుంది. త్రిత్వం గెలిచిందని ప్రకటించి బిర్యానీ తిన్నాం. ఓడిన పక్షం రెండోసారి కూడా వడ్డించుకుంది.

"పనిలో పనిగా రాయి సంగతి కూడా క్లోజ్ చేసేద్దాం," అన్నాడు ఆనందకుమార్ చేతులు కడుక్కుంటూ. ఆయనా, మొహం ముడుచుకున్న యోహానూ, గ్రేసీ, సంచితో వరహాలూ నా వెంట ఇంటికి వచ్చారు. ఇంకో గంటలో రాయి పూర్తవుతుంది. దీర్ఘం దీర్ఘంలా ఉంటుంది. శాలువా తీసేయాలన్న ధ్యాస కూడా నాకు లేదు.

సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చి మిరపకాయలు చాటలోకి ఎత్తుకుంది. ఆనందకుమార్ కళ్లజోడు పెట్టుకుని, రాయి మీద వంగి, పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు. ఆఫీసులో ఫైలు వెనక్కి పంపే ముందు వచ్చే దగ్గు ఒకటి దగ్గాడు.

"మేష్టారూ. ఇక్కడ 'మన' అని పడింది."

"పడలేదు. నేనే చెక్కించాను."

"మీరొక్కరేనా చెక్కించింది?"

"నేనొక్కణ్ణే."

"ఇంట్లో ఇంకెవరైనా..."

"లేరు."

ఆయన మినిట్స్ తెరిచాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది. నియమాన్ని పాటించేవాళ్ల మొహంలో ఉండే బాధ. "ఎదుట వినేవారు లేకుండా 'మన' అన్నవాడు..." అని చదివి, మిగతాది చదవకుండా మర్యాదగా ఆగిపోయాడు.

యోహాన్ మొహం విప్పారింది. "అదీ! దేవుడికో రూలూ నీకో రూలూ ఏటి బావా? దేవుడు ఒక్కడూ 'మన' అనకూడదంతావు. నువ్వు ఒక్కడివీ రాయి మీద ఎక్కించేయొచ్చా? 'మా' అని దిద్దించు!"

"దిద్దించీండి అన్నయ్యా," అంది గ్రేసీ కూడా. "రేపు మీ ఇస్కూలు పిల్లలే సూసి నవ్వుతారు."

ఆనందకుమార్, యోహాన్, గ్రేసీ! ముగ్గురు వ్యక్తులు, అభిప్రాయం ఒక్కటే. గుడిలో మధ్యాహ్నమంతా వాదించినా అర్థం కాని త్రిత్వం నా వరండాలో కళ్లకి కట్టింది.

నా దగ్గర జవాబు లేకపోలేదు. గుడి గేటు, నడుముకి దోపిన కొంగు, 'మనింటికి ముందెల్తాను' అన్న మాట. కానీ కొన్ని ఉదాహరణలు తరగతిలో ఇవ్వకూడదు. పైగా నా తీర్పు నాదే. ఇచ్చి ఇంకా బిర్యానీ అరగలేదు.

"దిద్దెయ్, వరహాలూ" అన్నాను.

వరహాలు రాయి పక్కన గొంతుక్కూర్చుని 'మన'ని వేలితో తడిమాడు. "కాయితం మీద దిద్దినట్టు కాదు బాబూ. రాతి మీద తప్పు కొట్టేత్తే తప్పు పోదు. గుంటవుతాది. పర్లేదా?"

"పర్లేదు."

ఎవరి ఇంటి గురించి రాశానో ఆ మనిషి మాటనే, ఆ మనిషి రాయి మీదే, వ్యాకరణం కోసం గుంట చేయించడానికి ఒప్పుకున్నాను! ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి. నా మనసులో మాత్రం చక్కటి తృప్తి. నియమం ముందు అందరూ సమానమే, నేను కూడా.

వరహాలు ఉలి ఆనించాడు. ఇంటికి నలుగురు వచ్చారు, మంచినీళ్లయినా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి వైపు తిరిగాను.

"దీవెనా! మనకి టీలు పెట్టు. వరహాలుకి పంచదార కాస్త ఎక్కువ వెయ్యి."

మామూలు గొంతుతోనే అన్నాను. అక్కడే తప్పు జరిగింది. గొంతు వణికి ఉంటే దుఃఖం అనుకుని సరిపెట్టుకునేవారు.

సుత్తి పైకి లేచినది లేచినట్టే ఆగింది. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ వంటింటి గుమ్మం వైపు చూశారు. నేనూ చూశాను.

గోడ అవతల్నించి సన్యాసమ్మ మెల్లిగా అంది: "రోజూ అంతే. పొద్దున్నే 'మన పాలొచ్చాయి' అని కేకేత్తారు. మొదట్లో ఫోన్లో మాటాడతన్నారనుకున్నాను. నానెవుళికీ సెప్పలేదు బాబూ."

వినేవారు లేకుండా 'మన' అన్నవాడు వ్యాకరణం తెలియనివాడైనా కావాలి, మతి తప్పినవాడైనా కావాలి. వ్యాకరణం నాకు బాగానే వచ్చు. శాలువా అందుకే కప్పారు. అది ఇంకా నా భుజాల మీదే ఉంది.

అందరికంటే ముందు ఆనందకుమార్ కదిలాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మినిట్స్ తెరిచాడు.

"మేష్టారూ. ఒక క్లారిఫికేషన్. వినేవారు ఉంటే 'మన' సక్రమమేనా?"

"సక్రమమే."

"వినేవారు మిగతా వాళ్లకి కనబడాలని రూలు ఉందా?"

ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఏ వ్యాకరణంలోనూ అలాంటి సూత్రం తట్టలేదు.

"లేదు."

"అయితే అబ్జెక్షన్ లేదు," అన్నాడు ఆనందకుమార్. పెన్ను తీసి, ఒక్కో మాటా పైకి పలుకుతూ రాశాడు: "వినువారు... కలరని... సంఘము భావించినది."

'భావించినది' బదులు 'భావించింది' అంటే సరిపోతుంది. నేను దిద్దలేదు.

యోహాన్ రాయి పక్కన కూలబడ్డాడు. అక్షరాల్లో ఇరుక్కున్న మిరపగింజల్ని గోటితో ఒక్కొక్కటే తీస్తున్నాడు. 'ముందుగా' దగ్గర అతని వేలు ఆగింది. "అక్క ఎప్పుడూ అంతే. ముందెల్పోద్ది," అన్నాడు. తరువాత లేచి, "కూకో బావా. టీ నాను పెడతాను" అని వంటింట్లోకి వెళ్లాడు.

"పంచదార ఎక్కడుంతాదో నీకేటి తెలుసు?" అంటూ గ్రేసీ అతని వెనకే వెళ్లింది.

"మరి కింద ఏటి సెక్కమంతారు బాబూ?" అన్నాడు వరహాలు. నియమావళి కోరిన జాగా రాయి అడుగున నున్నగా మెరుస్తోంది. ఆనందకుమార్ దాన్ని చూశాడు. వంటింట్లో డబ్బాలు చప్పుడు చేస్తున్న యోహాన్ వైపు చూశాడు.

"అది పెండింగ్‌లో ఉంచు," అన్నాడు.

వానలకి ముందే రాయి నిలబెట్టాం. వంట్లో నలతగా ఉందని, ఆ రోజుకి కార్యదర్శి పనికి సెలవు పెట్టానని అడగనివారికి కూడా చెబుతూ ఆనందకుమారే ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క యోహాన్. మొన్నటి వానకి వెళ్లి చూసొచ్చాను. దీర్ఘం చెక్కు చెదరలేదు.

దేవుడు ఒక్కడా, ముగ్గురా అన్నది మా సంఘంలో మళ్లీ పెండింగ్‌లో పడింది. జీవరత్నం మేష్టారి ఇంట్లో ఉన్నది ఇద్దరని మాత్రం మినిట్స్‌లో ఉంది.